ఆరోగ్యమేరి బిగించిన కూలర్

ఆరోగ్యమేరికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. తిరువళ్ళూరు రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో, ఒక జిరాక్సు షాపు ముందు భాగంలో బల్ల పట్టేంత జాగాలో ఆమె కంప్యూటర్లు రిపేరు చేస్తుంది. ఒక మిషన్‌లో విండోస్ ఎక్కుతున్నంతసేపూ ఇంకో మిషన్ మూత విప్పి దుమ్ము దులుపుతుంది. అదీ అయిపోతే జిరాక్సు షాపువాళ్ళ స్టేప్లర్ తీసుకుని, అడగకపోయినా బాగుచేసి పెడుతుంది. వచ్చినవాళ్ళకు స్టూలు చూపించి తను నిలబడే మాట్లాడుతుంది. చర్చిలో ప్రసంగం సాగుతుంటే భర్త జీవా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకోవాలి, లేకపోతే బెంచీ అంతా ఊగుతుంది.

ముప్పయ్యారేళ్ళ మనిషి. పుట్టింది కనకమ్మసత్రంలో. తండ్రి మునియప్ప ఇటుకల బట్టీలో లోడు ఎత్తేవాడు. ప్లస్ టూ అయిన నెలకే మేరి శ్రీపెరుంబుదూరు పక్కన ఒక సెల్‌ఫోన్ ఫ్యాక్టరీలో చేరింది. తెల్లవారుజామునే కంపెనీ బస్సు వచ్చేది. లైన్లో ఆమె పని ఒక్కటే, ముందుకొచ్చిన ప్రతి ఫోనుకూ నాలుగు స్క్రూలు బిగించడం. పదకొండు సెకన్లలో నాలుగూ పడాలి. ఆరేళ్ళు అదే పని చేసింది. తర్వాత ఆర్డర్లు తగ్గి లైను ఆపేశారు. ఇంటికి వచ్చేశాక కూడా చాలాకాలం, టీవీ ముందు కూర్చున్నా, కూర తరుగుతున్నా, కుడిచేతి వేళ్ళు వాటంతటవే మెలి తిరుగుతుండేవి. బట్టల కొట్లో నిలబడింది, మానేసింది. ఆసుపత్రిలో చీట్లు రాసింది, అదీ మానేసింది. చివరికి మూడు నెలల సెల్‌ఫోన్ రిపేరు కోర్సులో చేరి, అక్కణ్ణించి కంప్యూటర్లకు వచ్చింది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నమ్మనివాళ్ళు మొదట్లో చాలామందే ఉండేవారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు.

మొన్నటి మే నెలలో, కత్తెర ఎండలు మొదలైన మూడో రోజు, ఆమెకు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

“మేరి అక్కనా? తిరుత్తణి నుంచి మాట్లాడతా ఉండా, నా పేరు సత్యప్రియ. మీరు లిక్విడ్ కూలర్ బిగిస్తారని చెప్పినారు.”

“ప్రాసెసర్‌కా? బిగిస్తా గదా.”

“ప్రాసెసర్‌కు కాదక్కా. గ్రాఫిక్స్ కార్డుకు. కిట్టు నేనే ఆన్‌లైన్లో తెప్పించినా. చెన్నైలో ఏ షాపూ బిగించను అంటా ఉండారు. కార్డు మూత విప్పితే వారంటీ పోతుందంట.”

గ్రాఫిక్స్ కార్డుకు నీళ్ళ కూలర్ బిగించడం మేరి ఎప్పుడూ చెయ్యలేదు. ఎవరైనా చేస్తుంటే చూసింది కూడా లేదు. ఆ సంగతి బుర్రకు తట్టేలోపలే నోరు మాట ఇచ్చేసింది. “బిగిస్తా. రేపు పొద్దున్నే వస్తా.”

ఆ సాయంత్రం ఫోన్లో రెండు వీడియోలు చూసింది. రెండోది పూర్తిగా చూసే ఓపిక లేక మధ్యలో ముందుకు జరిపేసింది.

మర్నాడు గురువారం. తిరుత్తణి బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. సత్యప్రియ ఇల్లు నేతగాళ్ళ వీధిలో ఉంది. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో కంప్యూటర్. వెనక గదికి రేకుల కప్పు. లోపల అడుగుపెట్టగానే పొయ్యి దగ్గర నిలబడినట్టు సెగ తగిలింది.

సత్యప్రియకు ఇరవై ఏడేళ్ళు. చెన్నై ఆర్కిటెక్టుల కోసం సినిమాలు చేస్తుంది. ఇంకా పునాది కూడా పడని కట్టడాన్ని కంప్యూటర్లో గోడలతో, కిటికీలతో, నేల మీద పడే ఎండతో సహా తయారుచేస్తుంది. చూసేవాళ్ళకు ఆ కట్టడంలో నడుచుకుంటూ వెళుతున్నట్టే ఉంటుంది. ఆ బొమ్మలు గీయడానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆమె దగ్గరున్న కార్డు మూడు ఫ్యాన్లతో ఇటుకకన్నా పొడుగ్గా, బరువుగా ఉంది. చలికాలంలో బాగానే నడిచింది. ఎండాకాలం వచ్చాక మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కార్డు వేడి ఎనభై ఎనిమిది డిగ్రీలకు ఎక్కి, నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోతోంది.

“టేబుల్ ఫ్యాను పెట్టినా. నాయన రేకుల మీద గోనెసంచులు పరిచి నీళ్ళు చల్లినాడు. ఏమీ కాలా. శనివారం ఒక స్కూలు బిల్డింగు సినిమా ఇయ్యాలక్కా. ట్రస్టువాళ్ళు ఆ పొద్దే చూస్తారంట. సగం కూడా కాలేదు” అంది సత్యప్రియ. మాట్లాడుతున్నంతసేపూ చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

మగ్గం మీద నుంచి ఆమె తండ్రి ఆదికేశవులు లేచి వచ్చాడు. అరవై దాటిన మనిషి. బల్ల మీద పరిచిన సామాను వంక అనుమానంగా చూశాడు.

“ఏమ్మా, కరెంటు ఉండే పెట్టెలోకి నీళ్ళేంది?”

“నీళ్ళు కార్డు మీద పడవయ్యా” అంది మేరి. “ఈ రాగి దిమ్మ చిప్పు మీద కూర్చుంటాది. దీనిలోపల నీళ్ళు తిరిగి, వేడిని మోసుకోని ఈ ట్యూబులో బయటికి పోతాయి. ఆ పక్క ఫ్యాను వాటిని చల్లారుస్తాది. మళ్ళీ వస్తాయి.”

“లారీలో రేడియేటర్ మాదిరా?”

“అదే మాదిరి.”

“ట్యూబు కారితే?”

“కారదు. కంపెనీలోనే మూసి పంపిస్తారు.”

ఆయన నమ్మీ నమ్మనట్టు తల ఊపి, గడప దగ్గరే నిలబడిపోయాడు.

కిట్టు పెట్టెలో ట్యూబులతో కలిసిన రాగి దిమ్మ, రేడియేటర్, ఒక ఇనుప పలక, స్క్రూల ప్యాకెట్టు, బూడిదరంగు మెత్తని రబ్బరు షీట్లు రెండు ఉన్నాయి. రబ్బరు షీట్లు కార్డు మీద ప్రధాన చిప్పు చుట్టూ ఉండే చిన్న మెమరీ చిప్పులకు, కరెంటు భాగాలకు. ముక్కలుగా కోసి వాటి మీద అతికిస్తే, వాటి వేడి పైనుండే పలకకు ఎక్కుతుంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం కూడా ఒకటి ఉంది.

“ఈ పేపరు చదవమంటారా అక్కా?”

“ఒద్దులే. వీడియో చూసినా.”

మేరి కార్డును బోర్లా తిప్పి వెనకాల స్క్రూలు విప్పింది. పాత కూలర్ గట్టిగా పట్టుకుని ఉంటే, లాగకుండా అటూ ఇటూ కొద్దికొద్దిగా మెలిపెట్టి ఊడదీసింది. ఎండిన సున్నంలాగా అట్టగట్టిన, వేడిని కూలర్‌కు అందించే పాత పేస్టును గుడ్డతో తుడిచేసరికి, మధ్యలో చిప్పు అద్దంలా బయటపడింది. మీద ఏ తొడుగూ లేని చిప్పు. మూల చిట్లితే ఇంక కార్డు పనికిరాదు.

స్క్రూల దగ్గర మాత్రం మేరి చెయ్యి తొణకలేదు. కొత్త పేస్టు రాసి, రాగి దిమ్మ కూర్చోబెట్టి, ఈ మూల పావు తిప్పు, ఎదురు మూల పావు తిప్పు, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, బరువు ఒకే పక్క పడకుండా నాలుగింటినీ దించుకుంటూ వచ్చింది. ఆ పనికన్నా ముందు చెయ్యాల్సిన రబ్బరు ముక్కల పనే ఆమెకు విసుగనిపించింది. ఒక్కో షీటూ కోసి, పైన అతికించిన ప్లాస్టిక్ పొర ఒలిచి, ఒక్కో ముక్కా పెట్టడం అంటే గంట పడుతుంది. రెండు షీట్లూ ఒకేసారి కోసేసింది. పొరలన్నీ ఒలిచేసి, ఒక షీటు ముక్కల మీదే రెండో షీటువీ కుప్పగా పోసుకుని, పైనున్నవి పైనున్నట్టే పెట్టుకుంటూ పోయింది.

పన్నెండింటికి స్విచ్చి వేశారు. స్క్రీను వెలిగింది. మధ్యాహ్నం ఎండ రేకుల మీద కాస్తుంటే, చిప్పు వేడి యాభై ఏడు దగ్గర నిలబడింది.

“యాభై ఏడు!” అని సత్యప్రియ చప్పట్లు కొట్టింది. ఆదికేశవులు లోపలికి వచ్చి ఆ అంకెను కళ్ళారా చూసి, “సరి, అన్నం తిని పోమ్మా” అన్నాడు.

అన్నం వడ్డిస్తుండగానే స్క్రీను మీద రంగురంగుల గళ్ళు లేచాయి. ఎర్రవీ పచ్చవీ, చీలికలు చీలికలుగా. తర్వాత అంతా నల్లబడింది. సత్యప్రియ ఆపి మళ్ళీ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి గాని స్క్రీను వెలగలేదు. మూడోసారీ అంతే.

మేరి చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. “మళ్ళీ విప్పి చూస్తా.”

“ఒద్దక్కా. ఇంక తాకొద్దు.”

“ఐదు నిమిషాలు...”

“తాకొద్దు అంటే వినపళ్ళేదా?” సత్యప్రియ కార్డుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. “దండం పెడతా. ఈ పూటకు పొండి.”

కంచంలో అన్నం అలాగే ఉంది. ఆదికేశవులు వీధి మొగదాకా వెంట వచ్చి, “దానికి కోపం కాదమ్మా, భయం. ఏమనుకోబాక” అన్నాడు. ఆ మాట మేరిని కోపంకన్నా ఎక్కువ బాధపెట్టింది.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. కనకమ్మసత్రం రాగానే ఎందుకో దిగేసింది. పుట్టింటికి పోవాలనిపించలేదు. కూడలిలో సోడా తాగి, అటూ ఇటూ నడిచి, సామాన్ల షాపులో అక్కర్లేని టేపు ఒకటి కొని, తర్వాతి బస్సెక్కింది. ఏం తప్పిపోయింది? చిప్పు చల్లగానే ఉందే. నీళ్ళు కారలేదే. కిట్టే చెడ్డదేమో. కార్డే అంతకు ముందే దెబ్బతినిందేమో. ఒక్కో ఊరు దాటేకొద్దీ ఒక్కో కారణం దొరికింది. ఏదీ నిలవలేదు.

ఇంటికి చేరి, సాయంత్రం పనిముట్ల సంచీ నేల మీద బోర్లించింది. సర్దడానికని కాదు, చేతులు ఊరుకోక. మిగిలిపోయిన రబ్బరు ముక్కలు ఒక కవరులో ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ళ మధ్య నొక్కింది. మందంగా ఉంది. రెండోదీ మందమే. కవరులో ఉన్నవన్నీ మందపువే.

అప్పుడు అర్థమైంది. షీట్లు రెండూ ఒకే మందం కావు. మెమరీ చిప్పులు కార్డు మీద పొట్టిగా ఉంటాయి, వాటికీ పలకకూ మధ్య సందు ఎక్కువ. మందపు ముక్కలు పెట్టాల్సింది అక్కడ, పల్చటివి కరెంటు భాగాల మీద. తను అక్కడ పెట్టినవి పల్చటివి. అవి పలకకు తగిలి ఉండవు. పెద్ద చిప్పు చల్లగా ఉంటే, పక్కనే ఈ చిన్నవి ఏ ఆసరా లేకుండా మాడిపోయి ఉంటాయి. తను ఒక్క అంకె చూసి సంతోషపడిపోయింది. మెమరీ వేడి చూపే రెండో అంకె చూడనే లేదు.

సత్యప్రియకు ఫోన్ చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది. తియ్యలేదు.

షేర్ ఆటో నిలిపి లోపలికొచ్చిన జీవా, జరిగింది విని చెప్పులు విడుస్తూ అన్నాడు. “కిట్టు సరి లేదని చెప్పేయ్ మేరీ. ఆన్‌లైన్ సామాను గదా. ఎవురైనా నమ్ముతారు.”

“నమ్ముతారు మామా. అదే కష్టం.”

జీవాకు తెలియని సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు మేరి పక్క సీటు సుగంధిది. తిరునిన్రవూరు పిల్ల. మేరి బిగించిన స్క్రూలను కంటితో చూసి పంపడం ఆమె పని. ఒకరోజు పొద్దుటి నుంచీ మేరి చేతిలోని కరెంటు స్క్రూడ్రైవర్ జారుతోంది. చెబితే లైను ఆపాలి, ఆపితే అందరి ముందూ తిట్లు తినాలి. మేరి చెప్పలేదు. సాయంత్రం ఒక ట్రే నిండా ఫోన్లు మూడో స్క్రూ సగమే దిగి వెనక్కొచ్చాయి. చూసి పంపిన మనిషిదే తప్పన్నారు. సుగంధి మేరి వైపు ఒకసారి చూసింది. మేరి ముందుకొచ్చిన ఫోను మీద తల వంచుకుంది. మర్నాటి నుంచి సుగంధిని ప్యాకింగుకు మార్చారు. నెల తిరక్కుండా ఆమె పని మానేసింది. అంతకుముందు కంపెనీ బస్సులో ఇద్దరిదీ ఒకటే సీటు.

శుక్రవారం మొదటి బస్సుకే మేరి ఆ ముక్కల కవరు తీసుకుని తిరుత్తణి వెళ్ళింది. సత్యప్రియ అప్పటికే వాకిట్లో ఉంది. కూలరుతో సహా కార్డును తువ్వాలులో చుట్టి, సంచీలో పెట్టుకుని, చెన్నై రైలుకు బయలుదేరుతోంది. మేరిని చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

“నిమిషం నిలబడు సత్యప్రియా. తప్పు నాది.”

సత్యప్రియ ఆగింది.

“కిట్టు మంచిదే. రబ్బరు ముక్కలు రెండు రకాలు. నేను చూడకుండా కలిపేసినా. మందంవి పెట్టాల్సిన చోట పల్చటివి పెట్టినా. నువ్వు పేపరు చదువుతానన్నావు. నేనే ఒద్దన్నా.” ఇంకో మాట మిగిలి ఉంది. దాన్నీ చెప్పింది. “గ్రాఫిక్స్ కార్డుకు ఇట్ల బిగించేది కూడా నాకు ఇదే మొదటిసారి. అదీ నీకు చెప్పలా.”

“మొదటిసారా?” సత్యప్రియ సంచీని గుండెకు హత్తుకుంది. “ఇది పోతే నాకు పనే లేదక్కా. తెలియకుండానే చెయ్యి పెట్టినారా?”

“పెట్టినా.”

“మళ్ళీ పెట్టనియ్యమంటారా ఇప్పుడు?”

మేరి అడగడానికే వచ్చింది, అడిగే నోరు రాలేదు. వాకిట్లోనే నిలబడింది. కాళ్ళు మాత్రం నేల మీద నిలవడం లేదు.

లోపల్నుంచి ఆదికేశవులు గొంతు వినిపించింది. “రైలుకు ఇంకా గంటన్నర ఉండాది గదా పాపా. ఆ గంటన్నరలో ఏం చేస్తాదో చూడు. కాకపోతే రైలెక్కు.”

ఈసారి పేపరు సత్యప్రియ చేతిలో ఉంది. ఒక్కో వాక్యం గట్టిగా చదువుతుంది, మేరి ఆ ఒక్కటి మాత్రం చేస్తుంది, తర్వాతి వాక్యం కోసం ఆగుతుంది. పలక ఎత్తగానే ఇద్దరికీ కనిపించింది. మెమరీ చిప్పుల మీది రబ్బరు ముక్కలు కొత్తవిగా, నున్నగా ఉన్నాయి. పలక తగిలిన నొక్కు ఒక్కదాని మీదా లేదు. ఆ ముక్కలన్నీ తీసేశారు. మందంవి పెట్టి, పలక ఒకసారి బిగించి, మళ్ళీ ఎత్తి చూశారు. పన్నెండు చిప్పుల మీదా చతురస్రంగా నొక్కు పడింది. పదకొండోదాని మీద కొంచెం తేలిగ్గా ఉంటే, ఆ ముక్క మార్చి మళ్ళీ చూశారు. అప్పుడు పేస్టు, దిమ్మ, నాలుగు స్క్రూలు.

రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది.

స్విచ్చి వేసినప్పుడు సత్యప్రియ స్క్రీను వైపు చూడలేదు, మేరి ముఖం వైపు చూసింది. మేరి కళ్ళు మూసుకుంది. కార్డు బతికే ఉంది. రాత్రంతా చల్లారినందుకో, దాని అదృష్టమో, స్క్రీను వెలిగింది.

ఇప్పుడు మిగిలింది గంటసేపు నడిపి చూడటం. చెయ్యడానికేమీ లేదు. స్క్రీను మీద రెండు అంకెలు మారుతుంటాయి, వాటిని చూస్తూ ఉండాలి, అంతే. మేరికి ఆరేళ్ళ లైను పనిలోనూ అంత కష్టం అనిపించలేదు. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పెద్ద చిప్పు అరవై దగ్గర ఆగింది. మెమరీ డెబ్బై దాటింది. డెబ్బై ఎనిమిది. ఎనభై ఒకటి. రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. మగ్గం కాసేపు ఆడి ఆగుతుంది, ఆదికేశవులు వాకిలి దగ్గర ప్రత్యక్షమవుతాడు.

“ఇప్పుడెంత?”

“ఎనభై మూడయ్యా.”

వెళ్ళి నాలుగు పోగులు నేసి మళ్ళీ వస్తాడు. “ఇప్పుడు?”

“ఎనభై నాలుగు.”

“ఎక్కతా ఉండాదే!”

“నూరుదాకా తట్టుకుంటాది నాయనా. నువ్వు ఊరికే టెన్షన్ ఇయ్యొద్దు” అని సత్యప్రియ కసురుకుంది. కసురుకుంటూనే కొంచెం నవ్వింది. నిన్నటి మధ్యాహ్నం తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

ఎనభై నాలుగు దగ్గర అంకె నిలబడిపోయింది. గంట గడిచింది, రెండో గంటా గడిచింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. సినిమాలో ఒక్కో బొమ్మా తయారై పక్కకు పోతూనే ఉంది. మేరి అన్నం తినింది. తిన్న కంచం తనే కడిగి బోర్లించింది. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు, సత్యప్రియ కూడా గట్టిగా బలవంతపెట్టలేదు. ఇద్దరికీ అది న్యాయంగానే తోచింది.

సినిమా శనివారం పొద్దున్నే చెన్నైకి వెళ్ళింది. ట్రస్టువాళ్ళు చూసి, గేటు రంగు మార్చమని మాత్రం అడిగారట. ఆ కబురు సత్యప్రియ ఫోన్ చేసి చెప్పింది. చివర్లో, “ఈసారి తెలీని పనైతే తెలీదని ముందే చెప్పండక్కా. మొన్న అట్ల చెప్పుంటే కూడా నేను మిమ్మల్నే పిలుస్తా ఉంటిని” అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మేరి జీవాను ఆటో తియ్యమని, తిరుత్తణి దాకా తీసుకెళ్ళింది. ట్యూబులు ఒకసారి చూడాలంది. ట్యూబులు బాగానే ఉన్నాయి. జీవా, ఆదికేశవులు ముందు గదిలో మగ్గం పక్కన కూర్చుని ఎండల గురించి మాట్లాడుకుంటుంటే, సత్యప్రియ మేరికి ఆ స్కూలు చూపించింది. పూండి రిజర్వాయరు పక్క రావాల్సిన స్కూలు అది. ఇప్పుడక్కడ ఒట్టి చేను. స్క్రీను మీద మాత్రం పొడుగాటి వరండా, దాని మీద కమ్మీల నీడలు, తలుపు తోస్తే తెరుచుకునే గదులు. మేరి నిలబడి చూసింది, తర్వాత కూర్చుని చూసింది.

“ఈ మెట్లు యాడికి పోతాయి?”

“మిద్దె మీదికి. సినిమాలో అది చూపించలేదక్కా, వాళ్ళు అడగలా.”

“పోవచ్చునా?”

సత్యప్రియ మౌసు ఆమె చేతికిచ్చింది. మేరి ఒక్కో మెట్టూ ఎక్కింది. రెండుసార్లు గోడకు గుద్దుకుంది. పైకి చేరేసరికి పిట్టగోడ అవతల ఏమీ లేదు. నేల తెల్లగా, ఆకాశం నీలంగా, కనుచూపుమేర ఖాళీ.

“చుట్టుపక్కల ఇంకా ఏం పెట్టలేదక్కా. ఈ వారం పెట్టాల.”

“ఏం పెడతావు?”

“చెట్లు. రోడ్డు. కొంచెం దూరంలో నీళ్ళు.”

మేరి పిట్టగోడ దగ్గర నిలబడి, ఆ ఖాళీని నాలుగు వైపులా తిరిగి చూసింది. ముందు గదిలోంచి జీవా పోదామా అని రెండుసార్లు కేకేశాడు. “ఉండు మామా, వస్తా ఉండా” అని, చెట్లు ఏ పక్క వస్తాయో చూపించమంది.